బ్రేకు డిస్కుల మార్పిడి

బ్రేకు డిస్కుల మార్పిడి అనగా కారు చక్రంతో పాటు తిరుగుతూ, బ్రేకు తొక్కినపుడు ప్యాడ్ల ఒరిపిడికి గురియగు ఇనుప పళ్ళెం అరిగిపోయినపుడు దానిని తొలగించి, ఆ స్థానంలో క్రొత్తదానిని అమర్చుట. ఈ పళ్ళేన్ని భారతదేశంలోను, బ్రిటనులోను డిస్కు అనియు, అమెరికాలో రోటరు అనియు అందురు. క్రొత్త కారులో ఇది సులభమైన పని. కాని పది, పదిహేనేళ్ళు తిరిగిన కారులో డిస్కును పట్టియుంచు బోల్టులు, మరలు తుప్పుపట్టి బిగుసుకొని ఉండును. అందువలన పాత కార్లలో డిస్కు మార్చుటకు పట్టు కాలం కన్న, బోల్టులు విప్పుటకు పట్టు కాలమే ఎక్కువగా ఉండును. బలవంతంగా విప్పబోయి బోల్టు విరుగగొట్టుట, విరిగినదానిని సరిచేయక తిరిగి అమర్చుట ప్రాణాపాయానికి దారితీయును. కాబట్టి డిస్కు మార్పిడి, బిగుసుకున్న బోల్టుల తొలగింపు అను రెండింటిని కలిపి తెలిసికొనుట అవసరం.

చరిత్ర

డిస్కు బ్రేకుకు ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందెను. ఆయన పద్ధతిలో పలుచని లోహపు పళ్ళేన్ని రెండు వైపుల నుండి రాగి ప్యాడ్లు నొక్కెడివి. లోహంపై లోహం ఒరుసుకొనుట వలన పెద్ద కీచుధ్వని వచ్చెడిది, ప్యాడ్లు త్వరగా అరిగెడివి. అందుచే ఈ పద్ధతి అప్పట్లో వ్యాప్తిలోకి రాలేదు. తరువాతి అర్ధశతాబ్దం పాటు కార్లలో డ్రమ్ము బ్రేకులే ప్రధానంగా వాడబడెను.

1949లో అమెరికాకు చెందిన క్రాస్లీ సంస్థ తన చిన్నకార్లకు డిస్కు బ్రేకులు అమర్చెను. అయితే చలికాలంలో మంచు కరుగుటకై రోడ్లపై చల్లు ఉప్పు వలన ఈ బ్రేకుల భాగాలు తుప్పుపట్టి బిగుసుకొనిపోయెడివి. కొద్దికాలానికే ఆ సంస్థ తిరిగి డ్రమ్ము బ్రేకులకు మరలెను. తుప్పు, బిగుసుకొనుట అను సమస్య డిస్కు బ్రేకుతో పాటే పుట్టినదని దీనినిబట్టి తెలియుచున్నది.

1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ సంస్థ తయారుచేసిన డిస్కు బ్రేకులు గల జాగ్వార్ సి-టైప్ కారు గెలుపొందుటతో వీటి సామర్థ్యం లోకానికి తెలిసెను. 1955లో విడుదలైన సిట్రొయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కలిగి, పెద్దసంఖ్యలో తయారైన తొలి కార్లలో ఒకటిగా పేరుపొందెను. భారతదేశంలో అంబాసిడర్ కార్లకు చాలాకాలం నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులే ఉండెడివి. మారుతి 800 తరువాతి నమూనాలలోను, ఆ పిమ్మట వచ్చిన అనేక చిన్నకార్లలోను ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు అమర్చిరి.

నిర్మాణం

డిస్కు బ్రేకులోని ముఖ్యభాగాలు ఇవి:

* డిస్కు: సాధారణంగా బూడిదరంగు పోతఇనుముతో చేయబడును. ఈ ఇనుములో గ్రాఫైటు రేకుల రూపంలో ఉండుటచే ఇది వేడిని బాగా ప్రసరింపజేయును, కంపనాలను అణచును. చిన్నకార్ల డిస్కులు ఒకే పలకగా ఉండును. బరువైన కార్లలో రెండు పలకల నడుమ గాలి ఆడుటకు సందులు గల డిస్కులు ఉండును.
* హబ్బు: చక్రం, డిస్కు రెండును దీనిపై కూర్చుండును. పలు కార్లలో డిస్కును హబ్బుకు ఒకటి లేక రెండు చిన్న మరలు పట్టియుంచును. చక్రం బిగించిన తరువాత డిస్కును గట్టిగా అదిమిపట్టునవి చక్రపు బోల్టులే.
* కాలిపరు: డిస్కు అంచున గుర్రపునాడా వలె కూర్చున్న భాగం. దీనిలోని పిస్టను బ్రేకు ఆయిలు ఒత్తిడిచే ముందుకు జరిగి ప్యాడ్లను డిస్కుకు అదుమును.
* కాలిపరు బ్రాకెట్టు: కాలిపరును మోయు చట్రం. దీనిని రెండు పెద్ద బోల్టులతో చక్రపు అక్షభాగానికి బిగించెదరు. పాత కార్లలో ఎక్కువగా మొరాయించునవి ఈ బోల్టులే.
* జారుడు పిన్నులు: కాలిపరు ఇటునటు జరుగుటకు తోడ్పడు నున్నని కడ్డీలు. వీటిని రబ్బరు తొడుగులు దుమ్ము, నీటి నుండి కాపాడును.
* ప్యాడ్లు: ఉక్కు పలకపై అతికించిన ఒరిపిడి పదార్థపు దిమ్మెలు.

కొన్ని పాత జపాను కార్లలో డిస్కు హబ్బుకు వెనుకవైపున బోల్టులతో బిగించబడి ఉండును. ఉదాహరణకు 1990-97 నాటి హోండా అకార్డు కారులో డిస్కు తీయవలెనన్న హబ్బును కూడ విప్పవలసివచ్చును. ఇట్టివాటిని ఇంటివద్ద మార్చుటకు పూనుకొనరాదు.

వేడి, అరుగుదల

బ్రేకు చేయు పని కారు గతిజశక్తిని ఉష్ణశక్తిగా మార్చుట. 1000 కిలోల బరువుగల కారు గంటకు 100 కి.మీ. వేగంతో పోవునపుడు దాని గతిజశక్తి సుమారు 386 కిలోజౌళ్ళు. వేగం 50 కి.మీ.కు తగ్గిన ఇది నాల్గవవంతు, అనగా సుమారు 96 కిలోజౌళ్ళు మాత్రమే. బ్రేకు తొక్కినపుడు కారు బరువు ముందుకు ఒరుగును కనుక ఈ శక్తిలో ఎక్కువ భాగం ముందు డిస్కులకు చేరును. 100 కి.మీ. వేగం నుండి ఒక్కసారి ఆపినపుడు 70 శాతం శక్తి ఒక్కొక్కటి 5 కిలోల బరువుగల రెండు ముందు డిస్కులకు చేరినదనుకొనిన, వాటి ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు పెరుగును.

కొండదారులలో పరిస్థితి వేరు. తిరుమల కొండకు, తిరుపతి పట్టణానికి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1000 కిలోల కారు అంత ఎత్తు దిగునపుడు వదలు స్థితిజశక్తి సుమారు 6,900 కిలోజౌళ్ళు. ఇది పైన చెప్పిన ఒక్కసారి ఆపుటకు కావలసిన శక్తికి దాదాపు 18 రెట్లు. ఇంజను సాయం లేకుండ కేవలం బ్రేకు తొక్కుతూ దిగిన, ఈ వేడి అంతయు డిస్కులు, డ్రమ్ములే భరించవలెను. అరిగి పలుచబడిన డిస్కులో వేడిని ఇముడ్చుకొను లోహం తక్కువగా ఉండును కనుక అది మరింత వేడెక్కును. ఆ వేడి కాలిపరు ద్వారా బ్రేకు ఆయిలుకు చేరి, ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు ఏర్పడిన పెడలు మెత్తబడి నేలకు ఆనును, బ్రేకు పడదు. ఘాటు రోడ్డుపై తక్కువ గేరులో దిగవలెనని చెప్పుటకు కారణమిదియే. అరాకు, శ్రీశైలం వంటి కొండదారులకు కూడ ఇది వర్తించును.

మార్చవలసిన సూచనలు

* మందం తగ్గుట: అనుమతింపబడిన కనీస మందం సాధారణంగా డిస్కు అంచున లేక మధ్యభాగాన పోతపోసి యుండును. ఇది చాలా కార్లలో క్రొత్త మందం కన్న సుమారు 2 మి.మీ. తక్కువ. దీనిని మైక్రోమీటరుతో డిస్కు చుట్టు నాలుగైదు చోట్ల కొలవవలెను. అంచున అరగని గట్టు మిగిలి యుండును కనుక మామూలు వెర్నియరుతో అంచువద్ద కొలిచిన తప్పు కొలత వచ్చును.
* కంపనం: బ్రేకు తొక్కినపుడు స్టీరింగు లేక పెడలు అదురుట. డిస్కు మందంలో హెచ్చుతగ్గులు ఏర్పడుట దీనికి ముఖ్యకారణం. మందంలో 0.02 మి.మీ. తేడా వచ్చినను అదురు తెలియవచ్చును.
* పగుళ్ళు: అంచువరకు వ్యాపించిన పగులు కనిపించిన వెంటనే మార్చవలెను.
* లోతైన గాడులు: ప్యాడు పూర్తిగా అరిగి, దాని ఉక్కు పలక డిస్కును గీచుటచే ఏర్పడును. ఈ స్థితిలో ఇనుముపై ఇనుము గీచిన చప్పుడు వినవచ్చును.

వర్షం తరువాత డిస్కుపై కనిపించు ఎర్రని పలుచని తుప్పు మార్పిడికి కారణం కాదు. రెండు మూడుసార్లు బ్రేకు తొక్కిన అది పోవును. గాడులు పడిన డిస్కును లేతు యంత్రంపై చెక్కించి తిరిగి వాడుట ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పట్టణాలలోని వర్క్‌షాపులలో కద్దు. చెక్కిన తరువాత కూడ మందం కనీస పరిమితికి మించి ఉన్నపుడే ఇది సమ్మతం. ఆ పరిమితి చూడక చెక్కించుట డబ్బు మిగుల్చుట కాదు, వేడిని తట్టుకొను శక్తిని పోగొట్టుట.

బోల్టులు బిగుసుకొనుటకు కారణాలు

ఇనుము నీటితోను, గాలిలోని ఆమ్లజనితోను కలిసి తుప్పుగా మారునపుడు దాని ఘనపరిమాణం పెరుగును. తుప్పులో ముఖ్యభాగమైన గోథైట్ అను ఖనిజం, అది ఏర్పడుటకు ఖర్చైన ఇనుము కన్న సుమారు 3 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. బోల్టు చుట్లకు, నట్టు చుట్లకు నడుమ గల సన్నని సందులో తుప్పు ఈ విధంగా ఉబ్బి, కొయ్యసందులో దిగగొట్టిన చీల వలె రెండింటిని బిగించివేయును. డిస్కు హబ్బుకు అతుక్కొనుటకు కారణం కూడ ఇదియే.

ఉప్పు నీటిలో విద్యుత్ప్రసరణ ఎక్కువ కనుక తుప్పు వేగంగా పట్టును. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో తిరుగు కార్లకు ఈ బాధ ఎక్కువ. అమెరికా ఉత్తరభాగాన, కెనడాలో రోడ్లపై ఉప్పు చల్లు ప్రాంతాలలో ఇది మరింత తీవ్రం. అక్కడ కూలిఖర్చు అధికమగుటచే కార్ల యజమానులు తామే డిస్కులు మార్చుకొనుట సాధారణం. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో పలువురికి ఈ సమస్య మొదటిసారి ఎదురగుచున్నది.

తుప్పు కాక మరి మూడు కారణాలు గలవు. మొదటిది, అల్యూమినియం, ఉక్కు వంటి వేర్వేరు లోహాలు తడిలో తాకియుండుటచే కలుగు విద్యుద్రసాయన క్షయం. అల్లాయ్ చక్రాలు హబ్బుకు అతుక్కొనుట దీనివలననే. రెండవది, తయారీదారులు కొన్ని బోల్టులకు వాడు మరజిగురు. మూడవది, ఇంతకుముందు ఎవరో అవసరానికి మించి బిగించుట.

కావలసిన పనిముట్లు

జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టు దిమ్మెలు, ఆరు మూలల సాకెట్లు, పొడవైన కడ్డీ గల రెంచి, టార్కు రెంచి, సుత్తి, రబ్బరు లేక ఇత్తడి సుత్తి, ఇనుపతీగల బ్రష్షు, తుప్పు వదలించు నూనె, సుత్తితో కొట్టిన మెలితిరుగు ఇంపాక్టు స్క్రూడ్రైవరు, పిస్టను వెనుకకు నొక్కుటకు సి ఆకారపు క్లాంపు, బ్రేకు క్లీనరు, బ్రేకు గ్రీజు, కంటి అద్దాలు, చేతితొడుగులు.

పన్నెండు మూలల రింగు పానా బోల్టు తల మూలలను మాత్రమే పట్టును. ఆరు మూలల సాకెట్టు తల పక్కలను పట్టును. బిగుసుకున్న బోల్టుకు మొదటినుండి ఆరు మూలల సాకెట్టునే వాడిన తల అరుగు అవకాశం చాలవరకు తగ్గును.

డిస్కు మార్చు విధానం

1. కారును సమతలమైన గట్టి నేలపై నిలిపి, గేరులో ఉంచి, నేలపైనే ఉండు చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టవలెను. ముందు చక్రాల పని అయినచో హ్యాండుబ్రేకు వేయవలెను. వెనుక చక్రాల పని అయినచో దానిని వదలవలెను.
2. చక్రం నేలపై ఉండగానే చక్రపు బోల్టులను కొద్దిగా వదులుచేసి, పిమ్మట జాకీతో ఎత్తి, స్టాండుపై నిలుపవలెను. కేవలం జాకీపై నిలిచిన కారు క్రిందికి ఎన్నడూ పోరాదు. బిగుసుకున్న బోల్టును బలంగా లాగునపుడు కారు ఊగి జాకీ నుండి జారును.
3. చక్రం తీసి, స్టీరింగును పనిచేయు వైపునకు అనుకూలంగా త్రిప్పిన బ్రాకెట్టు బోల్టులు అందుబాటులోకి వచ్చును.
4. కాలిపరు పిన్నుల బోల్టులు విప్పి, కాలిపరును పైకి తీసి, ఇనుపతీగతో స్ప్రింగుకు వ్రేలాడదీయవలెను. రబ్బరు గొట్టంపై వ్రేలాడనీయరాదు. గొట్టం లోపలి పొర చినిగినచో పైకి కనపడదు, తరువాత ఒకనాడు అది పగులును.
5. ప్యాడ్లు తీసి, బ్రాకెట్టు బోల్టులు రెండును విప్పి, బ్రాకెట్టును తొలగించవలెను.
6. డిస్కును పట్టియుంచు చిన్న మరలను ఇంపాక్టు స్క్రూడ్రైవరుతో విప్పి, డిస్కును బయటకు లాగవలెను.
7. హబ్బు ముఖాన్ని ఇనుపతీగల బ్రష్షుతో లోహపు మెరుపు వచ్చువరకు శుభ్రం చేయవలెను. పాత కారులో ఇది అతిముఖ్యం. హబ్బుపై మిగిలిన చిన్న తుప్పు పెచ్చు డిస్కును వంకరగా కూర్చుండజేయును. హబ్బువద్ద వెంట్రుకవాసి తేడా డిస్కు అంచున మరింత పెద్దదగును. క్రొత్త డిస్కు వేసిన కొన్నివేల కిలోమీటర్లకే అదురు మొదలగుటకు తరచు ఇదియే కారణం.
8. క్రొత్త డిస్కుకు తుప్పు పట్టకుండ పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో పూర్తిగా కడిగి అమర్చవలెను.
9. పిస్టనును క్లాంపుతో మెల్లగా వెనుకకు నొక్కవలెను. అప్పుడు బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం పెరిగి పొర్లవచ్చును కనుక ముందుగానే చూచుకొనవలెను. హ్యాండుబ్రేకు ఇమిడియున్న వెనుక కాలిపర్లలో చాలావాటికి పిస్టనును త్రిప్పుతూ లోపలికి పంపవలెను. వీటిని క్లాంపుతో అదిమిన లోపలి యంత్రాంగం చెడిపోవును.
10. జారుడు పిన్నులకు బ్రేకు గ్రీజు రాసి, క్రొత్త ప్యాడ్లు, బ్రాకెట్టు, కాలిపరు అమర్చి, తయారీదారు చెప్పిన బిగింపుకు టార్కు రెంచితో బిగించవలెను.
11. చక్రపు బోల్టులను ఎదురెదురుగా, దఫదఫాలుగా బిగించవలెను.
12. కారు కదల్చకముందే బ్రేకు పెడలును గట్టిపడువరకు పలుమార్లు తొక్కవలెను. పిస్టను వెనుకకు పోయి ఉండుటచే మొదటి తొక్కులకు పెడలు నేలవరకు పోవును. ఈ ఒక్క పని మరచి కారు కదల్చిన ఎదుటి గోడను గాని, మనిషిని గాని ఢీకొనుట తథ్యం.

డిస్కులను ఎల్లప్పుడు జతగా, ఒకే ఇరుసుకు రెండు వైపుల మార్చవలెను. క్రొత్త డిస్కుకు పాత ప్యాడ్లు వాడరాదు.

బిగుసుకున్న బోల్టులను విప్పు పద్ధతులు

తేలిక పద్ధతి నుండి కఠిన పద్ధతికి క్రమంగా పోవుట ఇందలి మూలసూత్రం. తొందరపడి మొదటనే గడ్డపార అందుకొనిన, పది నిమిషాల పని రెండు రోజులు పట్టును.

దిశను నిర్ధారించుకొనుట

బోల్టు తలను ఎదురుగా చూచునపుడు గడియారపు ముల్లుకు వ్యతిరేకదిశలో త్రిప్పిన వదులగును. కాని బ్రాకెట్టు బోల్టుల తలలు కారు లోపలివైపున ఉండును. బయటనుండి వంగి చేయి పెట్టి త్రిప్పువారు దిశ తారుమారై, విప్పుచున్నామనుకొని బిగించుట తరచు జరుగును. క్రైస్లర్ వంటి కొన్ని పాత అమెరికా కార్లలో 1960 దశకంలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమచేతి మర ఉండెడిది. వాటిని సవ్యదిశలో త్రిప్పిననే విప్పగలము.

నూనె

ముందుగా చుట్ల చివరలను ఇనుపతీగల బ్రష్షుతో శుభ్రం చేసి, సన్నని సందులలోకి ప్రాకు నూనె వేయవలెను. కేశనాళికీయత వలన నూనె తుప్పు రంధ్రాలలోకి దిగును. దీనికి కాలం పట్టును. కొన్ని గంటల వ్యవధిలో పలుమార్లు వేసి, వీలైన ఒక రాత్రి నాననీయుట మేలు. మన పల్లెలలో కిరసనాయిలు లేక డీజిలు వాడుట చిరకాలపు అలవాటు. 1953లో అమెరికాలో రూపొందిన డబ్ల్యూడీ-40 అను ద్రవం మొదట నీటిని తరిమివేయుటకు ఉద్దేశింపబడినది. ఈ పనికి ప్రత్యేకంగా చేసిన నూనెలు అంతకన్న బాగుగా పనిచేయును. నూనె డిస్కు ముఖంపైన, ప్యాడ్లపైన పడరాదు. నూనె త్రాగిన ప్యాడును పారవేయవలసినదే.

తట్టుట

బోల్టు తలపై నిట్టనిలువుగా సుత్తితో తట్టిన తుప్పు పొర చిట్లి, నూనె లోనికి దిగుటకు దారి ఏర్పడును. పెద్ద దెబ్బ ఒకటి కన్న చిన్న దెబ్బలు పది మేలు.

పొడవైన రెంచి

బలానికి, పొడవుకు గల లబ్ధమే త్రిప్పుబలం. 25 సెం.మీ. రెంచిపై 400 న్యూటన్ల బలం వేసిన 100 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలం కలుగును. అదే బలం 75 సెం.మీ. రెంచిపై వేసిన 300 న్యూటన్ మీటర్లు కలుగును. రెంచికి ఇనుపగొట్టం తొడిగి పొడిగించు పద్ధతి ఇందుకే పుట్టినది. అయితే ఈ బలం బోల్టును విప్పగలిగినట్లే విరువగలదు. బోల్టు వదులగునపుడు ఒక్కసారిగా టక్కుమను శబ్దం వచ్చును. శబ్దం రాకుండ, మెత్తగా సాగుచున్నట్లు తోచిన బోల్టు మెలిపడుచున్నదని గ్రహించి వెంటనే ఆపవలెను.

ముందు వెనుకలుగా త్రిప్పుట

కొద్దిగా కదలిన బోల్టును ఒకేసారి విప్పక, పావుచుట్టు విప్పి, అరపావు బిగించి, నూనె వేసి, మరల విప్పవలెను. ఇట్లు చేసిన రాలిన తుప్పు చుట్లలో ఇరుక్కొనదు.

వేడిచేయుట

ఉక్కు ప్రతి డిగ్రీ సెంటీగ్రేడు వేడికి తన పొడవులో 10 లక్షలింట సుమారు 12 వంతులు వ్యాకోచించును. 10 మి.మీ. రంధ్రం గల నట్టును బోల్టు కన్న 200 డిగ్రీలు ఎక్కువ వేడిచేసిన, రంధ్రం సుమారు 0.024 మి.మీ. పెద్దదగును. చూచుటకు స్వల్పమైనను తుప్పు పట్టు వదలుటకు ఇది చాలును. వేడి నట్టుకు గాని, రంధ్రం గల భాగానికి గాని తగలవలెను, బోల్టుకు కాదు. మరజిగురు వేసిన బోల్టులు కూడ వేడికి మెత్తబడును.

బ్రేకు గొట్టం, కాలిపరు సీళ్ళు, బేరింగు గ్రీజు, వేగమాపక తీగలు దగ్గరలో ఉండుటచే మంట వాడుటకు ముందు వాటిని తొలగించుట లేక తడిగుడ్డతో కప్పుట అవసరం. తుప్పు నూనె వేసిన చోట మంట పెట్టరాదు, అది అంటుకొనును. క్లోరిను గల బ్రేకు క్లీనరు మిగిలియున్న లోహాన్ని వేడిచేసినను, వెల్డింగు చేసినను ఫాస్జీన్ అను విషవాయువు వెలువడును. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధంగా వాడిన వాయువు ఇదియే.

తల అరిగిన బోల్టు

తల మూలలు గుండ్రబడినచో, దానికన్న కొంచెం చిన్న సాకెట్టును సుత్తితో తలపైకి దిగగొట్టి త్రిప్పవచ్చును. లోపల మెలికల గాడులు గల ప్రత్యేక సాకెట్లు కూడ దొరకును. ఆకురాయితో తల రెండు వైపుల చదునుచేసి పట్టకారుతో పట్టుట మరొక ఉపాయం. చివరి మార్గం, అరిగిన తలపై క్రొత్త నట్టును వెల్డింగు చేయించుట. వెల్డింగు వేడి కూడ తుప్పును వదలించును కనుక ఇది తరచు ఫలించును.

డిస్కు మరల తల చెడినచో వాటి తలలను డ్రిల్లుతో తొలిచివేయవచ్చును. డిస్కు ఊడివచ్చిన తరువాత మిగిలిన కాడను పట్టకారుతో విప్పవచ్చును.

విరిగిన బోల్టు

రంధ్రంలో విరిగిన బోల్టు మధ్యలో గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలిడి క్రమంగా పెంచవలెను. ఎడమవైపు త్రిప్పు డ్రిల్లు వాడిన, తొలుచుచుండగానే ముక్క ఊడివచ్చు అవకాశం కలదు. ఎక్‌స్ట్రాక్టరు అను పనిముట్టు మిక్కిలి గట్టి ఉక్కుతో చేసినది. అది లోపల విరిగినచో మామూలు డ్రిల్లుతో తొలచుట సాధ్యం కాదు. కాబట్టి అనుభవం లేనివారు ఇక్కడ ఆగి, కారును మంచి టర్నరు వద్దకు చేర్చుట ఉత్తమం. చుట్లు చెడిన రంధ్రానికి తీగచుట్ల తొడుగు వేయించి తిరిగి మర కోయించవచ్చును. బ్రాకెట్టు రెండు బోల్టులలో ఒకదానితోనే కారు నడుపుట ఎట్టి పరిస్థితిలోను తగదు.

హబ్బుకు అతుక్కున్న డిస్కు

మరలన్నియు తీసినను డిస్కు కదలనిచో, దాని మధ్యభాగాన గల రెండు చిన్న మర రంధ్రాలను గమనించవలెను. చాలా కార్లలో ఇవి 8 మి.మీ. బోల్టులకు సరిపడును. వాటిలో బోల్టులు చొప్పించి, ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించిన, అవి హబ్బుకు ఆని డిస్కును బయటకు నెట్టును. ఇట్టి రంధ్రాలు లేనిచో డిస్కును కొద్దిగా త్రిప్పుతూ, చక్రపు బోల్టుల నడుమ భాగాన సుత్తితో కొట్టవలెను. పోతఇనుము పెళుసు కనుక కంటి అద్దాలు తప్పనిసరి. పారవేయు డిస్కునే ఇట్లు కొట్టవలెను, తిరిగి వాడు డిస్కును కొట్టరాదు. పదేపదే బలంగా కొట్టిన చక్రపు బేరింగు దెబ్బతినును.

వెనుక డిస్కు లోపల హ్యాండుబ్రేకు డ్రమ్ము గల కార్లలో, హ్యాండుబ్రేకు వదలి, దాని సర్దుబాటును వదులు చేయకుండ డిస్కు రాదు.

తిరిగి బిగించునపుడు

బ్రాకెట్టు బోల్టుల చుట్లను శుభ్రపరచి, చెడినవాటిని అదే గట్టిదనం గల క్రొత్తవాటితో మార్చవలెను. బోల్టు తలపై గల 8.8, 10.9 వంటి అంకెలు దాని బలాన్ని తెలుపును. హార్డువేరు దుకాణంలో దొరకు మామూలు బోల్టు చూచుటకు ఒకటిగానే ఉన్నను బ్రేకు భారాన్ని మోయలేదు. కొన్ని బోల్టులు ఒక్కసారి వాడుటకే ఉద్దేశింపబడినవి.

తిరిగి తుప్పు పట్టకుండ హబ్బు ముఖానికి పలుచగా తుప్పునిరోధక లేపనం పూయవచ్చును. చక్రపు బోల్టుల చుట్లకు మాత్రం తయారీదారు చెప్పనిదే నూనె గాని, గ్రీజు గాని రాయరాదు. ఒరిపిడి తగ్గుటచే అదే టార్కుకు బోల్టు అవసరానికి మించి సాగును. జారుడు పిన్నులకు మామూలు చక్రపు గ్రీజు వాడిన రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్నులు బిగుసుకొనును.

క్రొత్త డిస్కులను ఒరిపిడికి అలవాటు చేయుట

ఖాళీ రోడ్డుపై గంటకు 50-60 కి.మీ. వేగం నుండి 15-20 కి.మీ.కు, పూర్తిగా ఆపకుండ, మితమైన ఒత్తిడితో పదిసార్లు వేగం తగ్గించవలెను. నడుమ చల్లారుటకు కొంత దూరం పోనీయవలెను. ప్యాడు పదార్థపు పలుచని పొర డిస్కుపై సమంగా పరుచుకొనుటకు ఇది తోడ్పడును. వేడిగా ఉన్నపుడు పెడలు అదిమి నిలిపిన ఒకేచోట మచ్చ ఏర్పడి తరువాత అదురు కలుగును. మొదటి కొన్నివందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు తొక్కు అవసరం రాకుండ నడుపవలెను. 50-100 కి.మీ. తిరిగిన పిమ్మట చక్రపు బోల్టుల బిగింపును మరల పరీక్షించవలెను.

బ్రేకు ఆయిలు

సాధారణంగా వాడు డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకొనును. క్రొత్త డాట్ 3 ఆయిలు కనీస మరుగుస్థానం 205 డిగ్రీల సెంటీగ్రేడు. తేమ పీల్చిన తరువాత ఇది 140 డిగ్రీలకు పడిపోవును. డాట్ 4కు ఈ విలువలు 230, 155 డిగ్రీలు. కనుక డిస్కులు మార్చునపుడు, ఆయిలు వేసి రెండేళ్ళు దాటియున్నచో దానిని కూడ మార్పించుట మంచిది. పాత కాలిపర్లలో గాలితీయు నిప్పిలు బోలుగా ఉండుటచే సులభంగా విరుగును. దానిని కూడ నూనెలో నానబెట్టియే విప్పవలెను. బ్రేకు ఆయిలు కారు రంగును తినివేయును, పడిన వెంటనే నీటితో కడుగవలెను.

ఆరోగ్య జాగ్రత్తలు

పాత ప్యాడ్లలో రాతినార ఉండు అవకాశం కలదు. దీని దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల వ్యాధులు, కాన్సరు కలుగును. ఐరోపా సమాఖ్యలో 2005 నాటికి దీని వాడకం నిషేధింపబడెను. పాత కారు బ్రేకు దుమ్మును గాలి పంపుతో ఊదుట గాని, పొడిబ్రష్షుతో దులుపుట గాని చేయరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను.

భారతదేశంలో నిబంధనలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లును. ఆ పిమ్మట వాహనాన్ని పరీక్షకు చూపి 5 సంవత్సరాలకొకసారి పొడిగించుకొనవచ్చును. ఈ పరీక్షలో బ్రేకుల పనితీరు ముఖ్యాంశం. ఎడమ, కుడి చక్రాల బ్రేకు బలాలలో తేడా ఉన్నచో కారు ఒకవైపునకు లాగును. బిగుసుకున్న జారుడు పిన్ను, అరిగిన డిస్కు దీనికి సామాన్య కారణాలు.

ఇవి కూడా చూడండి

* డిస్కు బ్రేకు
* డ్రమ్ము బ్రేకు
* తుప్పు
* మరబోల్టు
* ఘర్షణ
* ఉష్ణవ్యాకోచం